87 సిల్వియా

87 సిల్వియా సౌరకుటుంబములో కుజ, గురు గ్రహాల కక్ష్యల మధ్య సూర్యుని చుట్టూ తిరుగుతున్న గ్రహశకలాలలో ఒకటి. దీనిని 1866 మే 16న మద్రాసు వేధశాల నుండి నార్మన్ రాబర్ట్ పొగ్సన్ కనుగొన్నాడు. పేరుకు ముందున్న 87 అనే సంఖ్య ఇది వరుసక్రమంలో ఎనభై ఏడవ గ్రహశకలమని తెలుపుతుంది. దీని సగటు వ్యాసము సుమారు 271 కిలోమీటర్లు. లక్షలాది గ్రహశకలాలలో పరిమాణం దృష్ట్యా ఇది మొదటి పదిహేనింటిలో నిలుస్తుంది. రెండు ఉపగ్రహాలు కలిగినట్లుగా గుర్తించబడిన మొట్టమొదటి గ్రహశకలము కూడా ఇదే. ఆ ఉపగ్రహాల పేర్లు రోములస్, రీమస్.

కనుగొన్న తరువాత నూటముప్పై ఏళ్ళకు పైగా సిల్వియా దూరదర్శినిలో ఒక కాంతి బిందువుగానే ఉండిపోయినది. దాని కక్ష్య తెలుసు, ప్రకాశము తెలుసు, తన చుట్టూ తాను తిరిగే కాలము తెలుసు. కాని దాని బరువు ఎంతో, లోపల ఏమున్నదో తెలుసుకొనే మార్గం లేకపోయినది. ఆ మార్గాన్ని దాని రెండు ఉపగ్రహాలు చూపాయి.

ఆవిష్కరణ

మద్రాసు వేధశాలను ఈస్టిండియా కంపెనీ 1792లో నుంగంబాకంలో నెలకొల్పినది. అక్కడి పరికరాన్ని నిలబెట్టిన నల్లరాతి స్తంభంపై ఇతర భాషలతో పాటు తెలుగులో కూడా శాసనము చెక్కబడి ఉన్నది. ఆ కాలంలో కోస్తా, రాయలసీమ జిల్లాలకు మద్రాసే ముఖ్యపట్టణం. కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాలు నిజాం రాజ్యంలో ఉండేవి.

పొగ్సన్ (1829–1891) ఇంగ్లాండులోని నాటింగ్‌హామ్‌లో జన్మించాడు. 1861లో మద్రాసు ప్రభుత్వ ఖగోళ శాస్త్రవేత్తగా వచ్చి, మరణించేవరకు ఆ పదవిలోనే కొనసాగాడు. వచ్చిన కొద్ది వారాలకే, 1861 ఏప్రిల్ 17న, ఒక గ్రహశకలాన్ని కనుగొన్నాడు. ఆసియా ఖండం నుండి కనుగొనబడిన మొదటి గ్రహశకలము అదే కావడం చేత దానికి 67 ఆసియా అని పేరు పెట్టారు. తరువాత 1864లో 80 సాఫో, 1866లో సిల్వియా, 1868లో 107 కెమిల్లా, 1885లో 245 వెరా కూడా మద్రాసు నుండే ఆయనకు కనబడ్డాయి. అంతకుముందు ఇంగ్లాండులో కనుగొన్న మూడింటిని కలిపితే ఆయన కనుగొన్నవి మొత్తం ఎనిమిది.

అప్పటికి ఖగోళ పరిశోధనలో ఛాయాచిత్రాల ద్వారా గ్రహశకలాలను వెదికే పద్ధతి లేదు. అది 1891లో జర్మనీకి చెందిన మాక్స్ వుల్ఫ్‌తో మొదలైనది. పొగ్సన్ కాలంలో ఆకాశంలోని ఒక చిన్న భాగాన్ని దూరదర్శినితో చూస్తూ, అందులోని ప్రతి చుక్కను నక్షత్ర పటంతో పోల్చి చూడవలసి ఉండేది. పటంలో లేని చుక్క కనబడితే మరుసటి రాత్రి మరల చూడాలి. అది చోటు మారితే నక్షత్రము కాదని, సూర్యుని చుట్టూ తిరిగే వస్తువని తేలుతుంది. చుక్కల ప్రకాశాన్ని కచ్చితంగా అంచనా వేయగలిగితేనే ఈ పని సాధ్యం. నక్షత్రాల ప్రకాశానికి నేడు ప్రపంచమంతటా వాడే కొలమానాన్ని 1856లో ప్రతిపాదించినది కూడా పొగ్సనే. దాని ప్రకారం ఐదు తరగతుల తేడా అంటే ప్రకాశంలో వంద రెట్ల తేడా; ఒక్కొక్క తరగతికి 2.512 రెట్లు.

ఆ రోజులలో వేధశాలలో పొగ్సన్‌కు సహాయకుడుగా ఉన్నవారిలో చింతామణి రఘునాథాచారి ముఖ్యుడు. సిల్వియా కనుగొనబడిన మరుసటి ఏడాది, 1867లో, ఆయన ఆర్ రెటిక్యులి అనే చరకాంతి నక్షత్రాన్ని గుర్తించాడు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి పొగ్సన్ మచిలీపట్నం వెళ్ళగా, రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తికి వెళ్ళి పరిశీలించాడు. 1872లో ఆయన లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యుడయ్యాడు. ఆ గౌరవం పొందిన మొదటి భారతీయుడు ఆయనే. 1880లో మరణించాడు. మద్రాసు వేధశాల చరిత్రలో ఆయన పేరుకు దక్కవలసినంత ప్రాచుర్యం దక్కలేదు.

పేరు

రోమన్ పురాణాలలో రియా సిల్వియా ఆల్బా లోంగా రాజు కుమార్తె. ఆమెకు యుద్ధ దేవత అయిన మార్స్ వలన రోములస్, రీమస్ అనే కవలలు పుట్టారు. ఆ శిశువులను టైబర్ నదిలో వదిలివేయగా ఒక ఆడ తోడేలు వారిని కాపాడి పాలిచ్చినదని, వారిలో రోములస్ రోము నగరాన్ని స్థాపించాడని కథ. కుంతి కర్ణుని నదిలో విడిచిన కథ తెలిసిన తెలుగువారికి ఇందులో కొంత పోలిక కనబడుతుంది. గ్రహశకలానికి ఈ పేరు పెట్టినది పొగ్సనే. ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త కమిల్ ఫ్లమారియన్ మొదటి భార్య సిల్వీ పేరు మీదుగా పెట్టారని కొన్ని గ్రంథాలలో కనబడుతుంది గాని అది పొరపాటు. ఆవిష్కరణను ప్రకటించిన వ్యాసంలోనే పొగ్సన్ రియా సిల్వియా పేరును తెలియజేశాడు.

కక్ష్య

భూమికి, సూర్యునికి మధ్యనున్న సగటు దూరాన్ని (సుమారు 15 కోట్ల కిలోమీటర్లు) ఒక ఖగోళ ప్రమాణము అంటారు. సిల్వియా సూర్యుని నుండి సగటున 3.48 ఖగోళ ప్రమాణాల దూరంలో, అనగా సుమారు 52 కోట్ల కిలోమీటర్ల దూరంలో తిరుగుతున్నది. సూర్యుని నుండి వెలువడిన కాంతి భూమిని చేరడానికి ఎనిమిది నిమిషాలు పైచిలుకు పడుతుంది; సిల్వియాను చేరడానికి దాదాపు 29 నిమిషాలు పడుతుంది. అక్కడ ఎండ తీవ్రత భూమిపై ఉన్నదానిలో పన్నెండవ వంతు మాత్రమే.

కక్ష్య సంపూర్ణ వృత్తం కాదు. దాని ఉత్కేంద్రత సుమారు 0.09. అందువలన సూర్యునికి అతి దగ్గరగా వచ్చినపుడు 3.15 ఖగోళ ప్రమాణాల దూరంలోను, అతి దూరంగా ఉన్నపుడు 3.8 ఖగోళ ప్రమాణాల దూరంలోను ఉంటుంది. భూమి కక్ష్యాతలంతో పోలిస్తే సిల్వియా కక్ష్య సుమారు 11 డిగ్రీలు వాలి ఉన్నది. సగటు వేగము సెకనుకు 16 కిలోమీటర్లు.

సూర్యుని చుట్టూ ఒకసారి తిరగడానికి దీనికి ఆరున్నర సంవత్సరాలు పడుతుంది. కెప్లర్ మూడవ నియమంతో విద్యార్థులు దీనిని సులభంగా సరిచూడవచ్చును. దూరాన్ని ఖగోళ ప్రమాణాలలో తీసుకొని ఘనము చేసి, వచ్చిన దానికి వర్గమూలం కట్టితే పరిభ్రమణ కాలము సంవత్సరాలలో వస్తుంది. 3.48 ఘనము 42.1; దాని వర్గమూలం 6.49.

గ్రహశకలాలలో అధికభాగం 2.1 నుండి 3.27 ఖగోళ ప్రమాణాల మధ్యనున్న ప్రధాన పట్టీలో ఉన్నాయి. ఈ పట్టీ 3.27 వద్ద ముగియడానికి కారణం గురుగ్రహం. ఆ దూరంలో ఉన్న వస్తువు సూర్యుని చుట్టూ సరిగ్గా రెండుసార్లు తిరిగేసరికి గురుడు ఒకసారి తిరుగుతాడు. ఊయలను ప్రతిసారి ఒకే అదనులో తోస్తే దాని ఊపు పెరిగినట్లే, గురుని ఆకర్షణ మళ్ళీ మళ్ళీ ఒకే తీరున పనిచేసి అక్కడి వస్తువుల కక్ష్యలను చెదరగొడుతుంది. దీనిని అనునాదము అంటారు. ఈ ఖాళీకి ఆవల, 3.27 నుండి 3.7 వరకు, కొద్దిపాటి గ్రహశకలాలు పలుచగా పరచుకొని ఉన్నాయి. 1861లో కనుగొనబడిన 65 సిబెలీ పేరు మీదుగా వీటిని సిబెలీ సమూహం అంటారు. సిల్వియా ఈ సమూహంలోనిది. దీని కక్ష్యకు దగ్గరి కక్ష్యలలో చిన్న శకలాలు చాలా తిరుగుతున్నాయి. ఏనాడో సిల్వియాకు మరొక పెద్ద వస్తువు తగిలి ముక్కలు చెదరిపోగా ఏర్పడిన ఈ కుటుంబాన్ని సిల్వియా కుటుంబం అంటారు.

ఆకారము, భ్రమణము

సిల్వియా గుండ్రంగా లేదు. ఐరోపా దక్షిణ వేధశాలకు చిలీ దేశంలో ఉన్న వెరీ లార్జ్ టెలిస్కోపుపై అమర్చిన స్ఫియర్ అనే పరికరంతో తీసిన చిత్రాల ఆధారంగా 2021లో ప్రచురించిన నమూనా ప్రకారం దీని పొడవు సుమారు 363, వెడల్పు 249, మందం 191 కిలోమీటర్లు. కొంచెం నొక్కిన బంగాళాదుంప వంటి ఆకారం. పటంపై ఆదిలాబాదు నుండి వనపర్తికి సరళరేఖ గీస్తే దాని పొడవు దాదాపు 370 కిలోమీటర్లు వస్తుంది. అనగా సిల్వియా పొడవున తెలంగాణ ఉత్తరపు కొన నుండి దక్షిణాన వనపర్తి దాకా దాదాపుగా పరచుకోగలదు. వెడల్పు ఆదిలాబాదు నుండి హైదరాబాదుకు సరళరేఖలో ఉన్న దూరానికి సమానం.

ఇది తన చుట్టూ తాను 5 గంటల 11 నిమిషాలకు ఒకసారి తిరుగుతుంది. సిల్వియా సంవత్సరంలో సిల్వియా దినాలు సుమారు పదకొండు వేలు ఉంటాయి. ఈ భ్రమణ కాలాన్ని కనిపెట్టడానికి పెద్ద దూరదర్శిని అవసరం లేదు. పొడవైన వస్తువు తిరుగుతున్నపుడు ఒకసారి దాని విశాలమైన పక్క, ఒకసారి ఇరుకైన కొన మనవైపు వస్తాయి. దానికి తగినట్లు ప్రకాశము పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. ఒక చుట్టుకు రెండుసార్లు హెచ్చు, రెండుసార్లు తగ్గు. ఈ హెచ్చుతగ్గులను గంటల తరబడి కొలిచి కాలాన్ని లెక్కిస్తారు.

ఇంత పెద్ద వస్తువైనా దీని గురుత్వాకర్షణ స్వల్పం. సగటున భూమిపై ఉన్నదానిలో 190వ వంతు. భూమిపై 60 కిలోలు తూగే మనిషి అక్కడ సుమారు 300 గ్రాములు తూగుతాడు. సెకనుకు 120 మీటర్ల వేగంతో పైకి విసిరిన రాయి తిరిగి రాదు. పైగా రెండు కొనల వద్ద, వేగంగా తిరగడం వలన కలిగే అపకేంద్ర బలము ఆకర్షణలో గణనీయమైన భాగాన్ని రద్దు చేస్తుంది. కనుక అక్కడ బరువు ఇంకా తక్కువ.

రంగు, ఉపరితలము

సిల్వియా మీద పడిన సూర్యకాంతిలో 4–5 శాతం మాత్రమే తిరిగి వెలుపలికి వస్తుంది. మన కంటికి తెల్లగా కనబడే చంద్రుడు 12 శాతం వరకు పరావర్తనం చేస్తాడు. సిల్వియా నలుపును ఊహించుకోవడానికి గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి గనుల నుండి వచ్చే సింగరేణి బొగ్గు సరియైన పోలిక. అది కూడా దాదాపు ఇంతే కాంతిని తిప్పి పంపుతుంది. పోలిక రంగు వరకే. బొగ్గు కోట్ల సంవత్సరాల క్రితం నేలలో పూడిపోయిన చెట్ల నుండి ఏర్పడినది. సిల్వియా నలుపుకు కారణం జీవంతో సంబంధం లేని కర్బన సమ్మేళనాలు కలిసిన ఆదిమ ధూళి.

వర్ణపటాన్ని బట్టి దీనిని పి-తరగతి గ్రహశకలంగా వర్గీకరించారు. ఈ తరగతి వస్తువులు నల్లగా, కొద్దిపాటి ఎర్ర ఛాయతో ఉంటాయి. వీటి వర్ణపటము నీటి ప్రభావానికి లోనుకాని తోకచుక్కల ధూళిని పోలి ఉంటుంది.

ఉపగ్రహాలు

గ్రహశకలానికి ఉపగ్రహం ఉండగలదని చాలాకాలం ఎవరూ గట్టిగా నమ్మలేదు. 1993లో గెలీలియో వ్యోమనౌక ఇడా అనే గ్రహశకలము పక్కగా పోతూ తీసిన చిత్రాలలో డాక్టిల్ అనే చిన్న ఉపగ్రహం కనబడిన తరువాత పరిస్థితి మారినది. అయితే ప్రతి గ్రహశకలానికి నౌకను పంపడం సాధ్యం కాదు. భూమి మీది నుండి చూడాలంటే గాలి అడ్డు. వేసవిలో కాగిన తారురోడ్డు మీది దృశ్యము ఎట్లా అలలుగా కదలాడుతుందో, అట్లాగే వాయుమండలము గుండా వచ్చే ప్రతి కాంతికిరణమూ వణుకుతుంది. సిల్వియా మనకు దగ్గరగా ఉన్నపుడు కూడా దాని పొడవు ఆకాశంలో ఒక వికలలో అయిదవ వంతు మాత్రమే (డిగ్రీలో 3600వ భాగము ఒక వికల). గాలి వణుకు దానికంటే ఎక్కువ.

దీనికి విరుగుడుగా వచ్చినది అనుకూల దృక్శాస్త్రము. దూరదర్శినిలో ఒక పలుచని అద్దాన్ని అమర్చి, గాలి వలన కాంతి ఎట్లా వంకర పోతున్నదో సెకనుకు వందల సార్లు కొలిచి, ఆ వంకరకు సరిగ్గా విరుద్ధంగా అద్దాన్ని వంచుతారు. అపుడు చిత్రం తేటపడుతుంది. ఈ పద్ధతిలో హవాయి దీవులలోని కెక్ దూరదర్శినితో మైకేల్ బ్రౌన్, ఝాన్-లుక్ మార్గో 2001 ఫిబ్రవరి 18న సిల్వియా పక్కన ఒక ఉపగ్రహాన్ని చూశారు. తరువాత ఫ్రాంక్ మార్షీ, పాస్కల్ డెకాంప్, డానియెల్ హెస్ట్రోఫర్, జెరోమ్ బెర్తియే వెరీ లార్జ్ టెలిస్కోపు నుండి 2004 ఆగస్టు 9 మొదలుకొని తీసిన చిత్రాలను పరిశీలించి రెండవ దానిని గుర్తించారు. ఈ సంగతి 2005 ఆగస్టులో ప్రకటించబడినది. తల్లి పేరు సిల్వియా కాబట్టి కవలల పేర్లు వెదుక్కోనక్కరలేకపోయినది. వెలుపలి దానికి రోములస్ అని, లోపలి దానికి రీమస్ అని పేర్లు పెట్టారు.

రోములస్ సిల్వియా కేంద్రం నుండి సుమారు 1,356 కిలోమీటర్ల దూరంలో, 3.65 రోజులకు ఒకసారి తిరుగుతుంది. రీమస్ సుమారు 706 కిలోమీటర్ల దూరంలో, 1.38 రోజులకు ఒకసారి తిరుగుతుంది. 2005 నాటి అంచనాల ప్రకారం రోములస్ వ్యాసము 18, రీమస్ వ్యాసము 7 కిలోమీటర్లు. రెండు కక్ష్యలూ దాదాపు వృత్తాకారంలో, సిల్వియా మధ్యరేఖ తలంలోనే ఉన్నాయి. సిల్వియాను ఢీకొన్న తాకిడిలో చెదరిన ముక్కలు తిరిగి దాని చుట్టూ చేరడం వలన ఇవి ఏర్పడినాయని భావిస్తున్నారు.

2013 జనవరి 6న సిల్వియా ఒక నక్షత్రానికి అడ్డుగా వచ్చినది. ఐరోపాలో అనేక చోట్ల నుండి పరిశీలకులు ఆ నక్షత్రం మాయమైన క్షణాన్ని, తిరిగి కనబడిన క్షణాన్ని నమోదు చేశారు. వేరువేరు ఊళ్ళ నుండి చూసినవారి సమయాలను కలిపితే వస్తువు నీడ ఆకారం బయటపడుతుంది. ఆ రాత్రి కొందరికి రోములస్ కూడా నక్షత్రాన్ని మరుగుపరుస్తూ దొరికినది. అది బాగా సాగిన ఆకారంలో ఉన్నట్లు తేలినది. సిల్వియా ఆకర్షణ వలన కలిగే పోటు దీనికి కారణం కావచ్చును. ఇటువంటి పరిశీలనలకు పెద్ద పరికరాలు అక్కరలేదు. సరియైన చోట ఉండడం, సమయాన్ని కచ్చితంగా నమోదు చేయడం ముఖ్యం.

ద్రవ్యరాశి

ఒంటరిగా తిరిగే గ్రహశకలాన్ని తూచడం చాలా కష్టం. ఉపగ్రహం ఉంటే మాత్రం అది త్రాసులా పనికివస్తుంది. ఉపగ్రహం ఎంత దూరంలో ఎంత వేగంగా తిరుగుతున్నదో తెలిస్తే, దానిని పట్టి ఉంచడానికి మధ్యనున్న వస్తువుకు ఎంత ద్రవ్యరాశి కావాలో న్యూటను సూత్రం చెబుతుంది.

లెక్క ఇది. కక్ష్యా వ్యాసార్ధాన్ని మీటర్లలో తీసుకొని ఘనము చేయాలి. దానిని పై వర్గముతోను, 4తోను గుణించాలి. వచ్చిన దానిని గురుత్వ స్థిరాంకముతోను, సెకన్లలో తీసుకున్న పరిభ్రమణ కాలపు వర్గముతోను భాగించాలి. రోములస్ విషయంలో వ్యాసార్ధము 13,56,000 మీటర్లు, కాలము 3.65 రోజులు, అనగా 3,15,360 సెకన్లు. గురుత్వ స్థిరాంకము 6.674 × 10⁻¹¹. ఫలితము 1.48 × 10¹⁹ కిలోగ్రాములు. ఇంటర్మీడియట్ విద్యార్థి కాగితం మీద చేయగలిగిన ఈ లెక్కయే 2005 నాటి పరిశోధనకు మూలాధారం. తరువాతి కొలతలతో ఈ విలువ కొద్దిగా తగ్గి 1.44 × 10¹⁹ దగ్గర నిలిచినది. ఇది భూమి ద్రవ్యరాశిలో సుమారు నాలుగు లక్షలవ వంతు.

సాంద్రత, అంతర్భాగము

ద్రవ్యరాశిని ఘనపరిమాణముతో భాగిస్తే సాంద్రత వస్తుంది. ఇక్కడే సిల్వియా శాస్త్రవేత్తలను ఆశ్చర్యపరచినది. 2005లో దాని కొలతలు 385, 265, 230 కిలోమీటర్లుగా భావించారు. ఆ లెక్కన సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.2 గ్రాములు, అనగా నీటికంటే కొంచెమే ఎక్కువ. కరీంనగర్ క్వారీలలో తీసే గ్రానైటు సాంద్రత 2.6–2.7. సిల్వియా గ్రానైటు వంటి గట్టి రాతిముద్ద అయితే ఉండవలసిన బరువులో సగమైనా లేదు. చిత్రమేమంటే, నలుపులోనే కాక సాంద్రతలో కూడా అది బొగ్గుకు దగ్గరగా ఉన్నది.

దీనికి అప్పట్లో ఇచ్చిన వివరణ రాళ్ళకుప్ప అనే భావన. ఏదో ఒక తాకిడిలో ముక్కలైపోయిన వస్తువు తన ఆకర్షణతో తిరిగి కుప్పగా చేరినదని, ముక్కల మధ్య ఖాళీలు ఉండిపోయాయని, మొత్తం పరిమాణంలో 60 శాతం వరకు ఖాళీయే కావచ్చునని అన్నారు. లారీలో పోసిన కంకరలో రాళ్ళ మధ్య సందులు ఉన్నట్లే. పోతే, ఇంత పెద్ద వస్తువులో ఆ సందులు పైబరువుకు నలిగిపోవా అనే ప్రశ్న సహజంగా వస్తుంది. సిల్వియాను అంతటా ఒకే సాంద్రత గల గోళంగా భావించి లెక్కిస్తే దాని కేంద్రంలో ఒత్తిడి భూమి మీది వాయుపీడనానికి సుమారు 50 రెట్లు వస్తుంది. ఇది సింగరేణి భూగర్భ గనిలో రెండు వందల మీటర్ల లోతున పైకప్పు రాతి వలన కలిగే ఒత్తిడి వంటిది. గనిలో ఆ లోతున బొగ్గుపొర నలగకుండా నిలిచి ఉండగలిగినట్లే, సిల్వియా నడిబొడ్డున కూడా ఖాళీలు కొంతవరకు నిలవగలవు.

రాళ్ళకుప్ప భావన పదిహేనేళ్ళు చలామణి అయినది. దానిని సందేహంలో పడవేసినవి మళ్ళీ ఆ రెండు ఉపగ్రహాలే. సిల్వియా సాగి, నొక్కుకుపోయిన ఆకారంలో ఉన్నది కదా. అటువంటి వస్తువు లోపల అంతటా ఒకే సాంద్రత ఉంటే, దాని చుట్టూ తిరిగే ఉపగ్రహాల కక్ష్యలు స్థిరంగా ఉండవు. బొంగరం అక్షము మెల్లగా తిరిగినట్లు కక్ష్యలు కూడా మెల్లగా దిశ మార్చుకోవాలి. ఆ మార్పు చాలా ఏళ్ళ చిత్రాలలో స్పష్టంగా కనబడవలసినది. కాని కనబడలేదు. రోములస్, రీమస్ ఒక చక్కని గోళం చుట్టూ తిరుగుతున్నట్లే తిరుగుతున్నాయి. బెనువా కారీ నాయకత్వంలోని బృందం 2021లో ప్రచురించిన పరిశోధన దీనికి చెప్పిన అర్థం ఒకటే: సిల్వియా బరువు అంతటా సమంగా పంచబడి లేదు, అధికభాగం మధ్యలో పోగుపడి ఉన్నది. వెలుపలి సాగిన ఆకారం చాలా తేలికైన పదార్థముతో ఏర్పడినది కనుక ఉపగ్రహాలపై దాని ప్రభావం తక్కువ. కొత్త కొలతల ప్రకారం సగటు సాంద్రత 1.38గా తేలినది.

మధ్యలో గట్టి భాగం, పైన తేలిక భాగం ఏర్పడాలంటే లోపల ఒకప్పుడు కరగడం జరిగి ఉండాలి. యురేనియం, థోరియం, పొటాషియం-40 వంటి రేడియోధార్మిక మూలకాలు క్షీణిస్తూ విడుదల చేసే వేడి చిన్న వస్తువులో త్వరగా బయటికి పోతుంది, పెద్ద వస్తువులో లోపలే నిలుస్తుంది. సిల్వియా అంత పరిమాణంలో ఆ వేడి మధ్యభాగంలోని మంచును కరిగించక తప్పదని వారి లెక్కలు చూపాయి. కరిగిన నీరు ధూళి, రాతి రేణువుల గుండా ఊరి, వాటిని రసాయనికంగా మార్చి, మధ్యలో గట్టిపడిన గర్భాన్ని ఏర్పరచినది. చలికి లోనైన వెలుపలి పొర మాత్రం మార్పు లేకుండా, సందులతో నిండిన ఆదిమ ధూళిగానే మిగిలినది. గర్భంలోని పదార్థము 2000లో కెనడాలో పడిన టాగిష్ లేక్ ఉల్కను పోలి ఉండవచ్చునని వారి అభిప్రాయం.

మన వేధశాలలలో చూసిన నల్లని చుక్కకు, భూమి వంటి గ్రహానికి ఉన్నట్లే, గర్భము, పైపొర వేరువేరుగా ఉన్నాయన్న మాట. అయితే ఇది ఉపగ్రహాల కదలికల నుండి తీసిన అనుమానమే గాని లోపలికి తొంగి చూసిన నిదర్శనం కాదు. ఇంతవరకు ఏ వ్యోమనౌకా సిల్వియాను దర్శించలేదు. ఆ లెక్కలు నిజమైతే 130–150 కిలోమీటర్ల వ్యాసమున్న వస్తువులలో కూడా ఇటువంటి కరగడం జరిగి ఉండాలి. 2021 అక్టోబరులో ప్రయోగించిన లూసీ నౌక 2033లో చేరవలసిన పెట్రోక్లస్ సరిగ్గా ఆ స్థాయి వస్తువు.

సిల్వియా పుట్టిన చోటు కూడా నేడు తిరుగుతున్న చోటు కాకపోవచ్చును. పి-తరగతి గ్రహశకలాలు నెప్ట్యూన్‌కు ఆవల మంచు, ధూళి కలిసిన చలి ప్రాంతంలో ఏర్పడి, సౌరకుటుంబపు తొలిరోజులలో పెద్ద గ్రహాల కక్ష్యలు మారినపుడు లోపలికి నెట్టబడినాయని చాలామంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

తెలుగునాట నుండి పరిశీలన

సిల్వియా కంటికి కనబడదు. సూర్యునికి సరిగ్గా ఎదురువైపు వచ్చినపుడు దీని ప్రకాశ తరగతి 11–12. చీకటి ఆకాశంలో మామూలు కన్ను చూడగలిగేది ఆరవ తరగతి వరకే. పొగ్సన్ కొలమానం ప్రకారం ఇది కంటికి అందే చివరి నక్షత్రం కంటే 100 నుండి 250 రెట్లు మసక అన్నమాట. 15–20 సెంటీమీటర్ల అద్దమున్న దూరదర్శినితో, పట్టణపు దీపాల కాంతి సోకని చోట దీనిని చూడవచ్చును. కరీంనగర్ అక్షాంశము 18.4 డిగ్రీలు ఉత్తరం. సిల్వియా ఎంత దక్షిణంగా పోయినా ఇక్కడి నుండి అర్ధరాత్రి 30 డిగ్రీలకు తక్కువ కాని ఎత్తులో ఉంటుంది. ఐరోపా పరిశీలకులకు ఈ సౌకర్యం ఎప్పుడూ ఉండదు.

సుమారు 14 నెలలకు ఒకసారి ఇది సూర్యునికి ఎదురుగా వస్తుంది. ఆ రోజులలో నక్షత్రాల మధ్య రోజుకు డిగ్రీలో అయిదవ వంతు కదులుతుంది. ఇది పూర్ణచంద్రుని వ్యాసంలో మూడవ వంతు పైచిలుకు. ఒక రాత్రి ఆ ప్రాంతపు చుక్కలను కాగితం మీద గుర్తించి, మరుసటి రాత్రి మరల చూస్తే చోటు మారిన చుక్క ఏదో తెలిసిపోతుంది. పొగ్సన్ నుంగంబాకంలో చేసినదీ ఇదే.

107 కెమిల్లా

వనపర్తి, మచిలీపట్నం గ్రహణ పరిశీలనలు జరిగిన మూడు నెలలకు, 1868 నవంబరు 17న, పొగ్సన్ మద్రాసు నుండి కనుగొన్న కెమిల్లా కూడా సిబెలీ సమూహంలోనిదే. పరిమాణంలోను, నలుపులోను ఇది సిల్వియాకు దగ్గరి పోలిక కలది. కెమిల్లాకు కూడా ఒక ఉపగ్రహం ఉన్నదని 2001లో హబుల్ అంతరిక్ష దూరదర్శిని ద్వారా తెలిసినది. రెండవ ఉపగ్రహం ఉన్న సంగతి 2016లో ప్రకటించబడినది.